కాపు ఎక్కువా, ఆకు ఎక్కువా? వైన్ ద్రాక్షలో కత్తిరింపు సమస్యలు - పరిష్కారాలు

అనంతపురం జిల్లాలో ద్రాక్ష అనగానే పందిరి మీద పండే తిండి ద్రాక్షే ముందుగా గుర్తుకొస్తుంది. షిరాజ్, కాబర్నే సావిన్యాన్, సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ వంటి వైన్ రకాలు వేసిన రైతులు తక్కువ. వేసినవారు కూడా తిండి ద్రాక్షలో నేర్చుకున్న లెక్కనే ఇక్కడా వాడుతుంటారు. ఆ లెక్కలో గుత్తి బరువు, ఎకరాకు వచ్చే టన్నులు ముందుంటాయి. వైన్ కోసం కొనేవారు మాత్రం రసంలోని చక్కెర, పులుపు, తొక్కలోని రంగు అడుగుతారు. ఈ మూడింటినీ చాలావరకు నిర్ణయించేది ఏటా రెండుసార్లు మనం పట్టే కత్తెర.

మన వాతావరణంలో తీగ చలిదేశాల్లో మాదిరిగా పూర్తిగా నిద్రపోదు కనుక రెండు కత్తిరింపులు తప్పవు. కోత ముగిశాక ఏప్రిల్‌లో కొమ్మలను ఒకటి రెండు కళ్ళకు, అంటే కణుపు మొగ్గలకు, కుదించి కొత్త పుల్లలను పెంచుతాము. ఆ పుల్లల కళ్ళలోనే మే, జూన్ నెలల్లో రాబోయే గుత్తి రూపు కడుతుంది. సెప్టెంబరు చివర గాని అక్టోబరులో గాని ఆ పుల్లలనే మళ్ళీ కోసి కాపు తెప్పిస్తాము. కాబట్టి ఫిబ్రవరిలో కంటపడిన లోపానికి కారణం ఒక్కోసారి పది నెలల వెనుక ఉంటుంది. లక్షణం కనిపించిన నాడే ఎరువు సంచి విప్పడం వల్ల ఎక్కువసార్లు ఖర్చే మిగలడానికి ఇదే కారణం.

ఒకే లక్షణం, రెండు వ్యతిరేక కారణాలు

కోతకు రావలసిన గడువు దాటినా రసంలోని చక్కెర శాతాన్ని చెప్పే బ్రిక్స్ కొలత 17, 18 దగ్గరే ఆగిపోవడం, ఎర్ర రకాల్లో కాయలు గులాబీ రంగులోనే ఉండిపోవడం తరచుగా వినిపించే మొదటి ఫిర్యాదు. వెంటనే పొటాష్ పెంచమనే సలహా వస్తుంది. ఆ సలహా కంటే ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ఎందుకంటే ఇదే లక్షణం కాపు మోయలేనంత ఎక్కువైన తీగలోనూ కనిపిస్తుంది, కాపు తక్కువై ఆకు కమ్మేసిన తీగలోనూ కనిపిస్తుంది. మొదటి తీగకు గుత్తులు తీయాలి. రెండవ తీగకు కళ్ళు పెంచాలి. ఒకదానికి చేయవలసిన వైద్యం మరొకదానికి చేస్తే సమస్య ముదురుతుంది.

తేడాను పుల్ల చెబుతుంది. గట్టు పక్కన ఉన్న తీగలను, డ్రిప్ లైను చివరి తీగలను వదిలి వరుస మధ్యలోకి వెళ్ళి, ఒక్కొక్క తీగలో నాలుగైదు పుల్లలను కింది నుంచి ఐదవ కణుపు వద్ద పట్టుకుని చూడాలి. మందం 7 నుంచి 10 మిల్లీమీటర్లు, అంటే పెన్సిలంత గాని అంతకు కొంచెం ఎక్కువ గాని ఉండి, బెరడు కొన దాకా గోధుమరంగుకు తిరిగి, అడ్డంగా కోసినప్పుడు నడిమి బెండు సన్నగా, చుట్టూ కట్టె గట్టిగా ఉంటే ఆ తీగ సమతూకంలో ఉన్నట్టే. మందం 6 మిల్లీమీటర్ల లోపే ఉండి పుల్ల పొట్టిగా ఆగిపోయి ఉంటే కాపు ఎక్కువైందని అనుకోవాలి. మందం 12 మిల్లీమీటర్లు దాటి, కణుపుల మధ్య ఎడం బాగా పెరిగి, పక్క పిలకలు కూడా పుల్లలంత పెరిగి, కోస్తే బెండు వెడల్పుగా కనిపిస్తే ఆ తీగలో బలం కాయకు పోకుండా కట్టెకు పోతోందని అర్థం.

చూపుతో వచ్చిన అంచనాను త్రాసుతో సరిచూసుకోవచ్చు. కోతప్పుడు పది, పదిహేను తీగలకు రంగు గుడ్డ కట్టి వాటి కాయను విడిగా తూచి రాసుకోవాలి. ఏప్రిల్ కత్తిరింపులో అవే తీగల నుంచి తీసిన ఆ ఏటి పుల్లలను ఆకులు దూసి, మోపు కట్టి, స్ప్రింగు త్రాసుకు తగిలించాలి. కాయ బరువును పుల్లల బరువుతో భాగిస్తే వచ్చే సంఖ్యను, ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో పనిచేసిన ద్రాక్ష శాస్త్రవేత్త లూయీ రవాజ్ పేరు మీద రవాజ్ సూచిక అంటారు. అది 5కూ 10కీ మధ్య ఉంటే కాపు, ఆకు సమంగా ఉన్నాయని, 10 దాటితే కాపు బరువైందని, 5 కంటే తగ్గితే ఆకు ఎక్కువైందని సాధారణంగా లెక్కిస్తారు. పుల్లల బరువు వరుస పొడవులో మీటరుకు 300 నుంచి 600 గ్రాములు ఉండడం మంచిది. ఈ హద్దులు ఏడాదికి ఒక్కసారే కత్తిరించే చలిదేశాల తోటల్లో నిలిచినవని మరువకూడదు. ఏటా రెండుసార్లు కత్తిరించే మన తోటలో వీటిని తుది తీర్పుగా కాక, ఒకే తోటను ఏటికేడు పోల్చుకునే కొలతగా వాడుకోవడం క్షేమం. అయినా సూచిక 2 గాని 15 గాని వచ్చిందంటే తూకం తప్పిందనడంలో అనుమానం అవసరం లేదు.

కాపు ఎక్కువైన తీగ

లక్షణాలు: పుల్లలు సన్నగా ఉంటాయి. రెమ్మలు ఎనిమిది, పది ఆకులకే ఆగిపోతాయి. మొదట్లో ఉన్న ఆకులు ముందుగా పసుపు తిరుగుతాయి. కాయ మెత్తబడిన తరువాత కూడా బ్రిక్స్ వారానికి ఒక్క పాయింటు పెరగదు. గుత్తి భుజాల కాయలు రంగు తిరిగినా కొన కాయలు పచ్చగా, నీళ్ళగా మిగులుతాయి. మరుసటి ఏడు రెమ్మలు బలహీనంగా వస్తాయి.

కారణం: ఒక కిలో కాయ పండడానికి సుమారు 0.8 నుంచి 1.2 చదరపు మీటర్ల ఆకు ఎండలో పనిచేయాలి. మన తోట లెక్కలోనే దీన్ని చూద్దాం. వరుసల మధ్య 2.5 మీటర్లు, మొక్కల మధ్య 1.25 మీటర్లు ఎడం ఉంటే ఎకరాకు దాదాపు 1,300 మొక్కలు పడతాయి. ఒకదానిపై ఒకటిగా లాగిన ఇనుప తీగల మీద ఒకే నిలువు తెరగా రెమ్మలను కట్టినప్పుడు మీటరు పొడవుకు 15 రెమ్మలకు మించి ఉంటే గాలి, వెలుతురు ఆడవు. అంటే మొక్కకు 18 రెమ్మలు. రెండు కళ్ళు వదిలిన పొట్టి పుల్ల ముక్కలు, అంటే స్పర్లు, తొమ్మిది ఉంటే ఇవి వస్తాయి. రెమ్మకు 15 ఆకులు, వాటికి తోడు కొద్దిపాటి పిలక ఆకులు నిలిస్తే మొక్కకు నాలుగు చదరపు మీటర్ల ఆకు సమకూరుతుంది. ఆ ఆకు నాణ్యతతో పండించగలిగేది సుమారు 4 కిలోలు, అంటే ఎకరాకు 5 టన్నులకు కొంచెం పైగా. గుత్తి సగటు 150 గ్రాములైతే మొక్కకు 27 గుత్తులు చాలు. అదే మొక్క మీద 50 గుత్తులు ఉంచితే చక్కెర అన్నిటికీ పంచబడి ఏ గుత్తీ పండదు. కాయకు చాలని చక్కెరను తీగ తన కాండం, వేళ్ళలో దాచుకున్న నిల్వ నుంచి తీస్తుంది. ఆ నిల్వే మరుసటి కత్తిరింపు తరువాత మొదటి ఆకులకు ఆహారం కాబట్టి ఈ ఏటి అప్పు వచ్చే ఏటి మీద పడుతుంది.

ఈ పంటలోనే చేయగల పని: రెమ్మలు జానెడు పొడవున ఉన్నప్పుడే స్పర్‌కు రెండు రెమ్మలు ఉంచి, ఒకే కణుపు నుంచి జంటగా వచ్చినవాటిని, కాండం నుంచి అడ్డంగా సాగిన చేతుల కింది భాగం నుంచి లేచినవాటిని వేలితో తుంచాలి. కాయలు నిలిచి బఠాణీ గింజంత అయ్యాక గుత్తులు తీయాలి. మూరెడు కంటే పొట్టిగా ఆగిన రెమ్మ మీద గుత్తి ఉంచకూడదు. రెండు మూరలు దాటిన రెమ్మకు రెండు, నడిమి రెమ్మకు ఒకటి. పూతకు ముందే గుత్తులు తీసేస్తే మిగిలిన గుత్తుల్లో కాయలు ఎక్కువ నిలిచి లావెక్కుతాయి. తిండి ద్రాక్షకు అది లాభం గాని, రంగూ వాసనా తొక్కలో ఉండే వైన్ ద్రాక్షకు లావు కాయ నష్టం. కాయ రంగు తిరిగిన తరువాత తీసినా పక్వత పెద్దగా ముందుకు జరగదు. అప్పటికి మిగిలేది వెనకబడిన పచ్చి గుత్తులను ఏరివేసి కోతలో సమానత తెచ్చుకోవడం ఒక్కటే.

ఎన్ని తీయాలో తేల్చుకోవడానికి గింజ గట్టిపడే దశ అనువైనది. కాయను బ్లేడుతో అడ్డంగా కోస్తే అప్పటిదాకా మెత్తగా తెగిన గింజ ఆ దశలో బ్లేడును ఆపుతుంది. ఆ రోజుల్లో గుత్తి బరువు తుది బరువులో దాదాపు సగం ఉంటుంది. ఇరవై మొక్కల గుత్తులు లెక్కపెట్టి, యాభై గుత్తులు కోసి తూచి, సగటును రెట్టింపు చేస్తే కోతనాటి దిగుబడి అంచనా చేతికొస్తుంది.

ఈ పని కూలీల చేత చేయించడం సులువు కాదు. తాడిపత్రి వైపు ఒక తోటలో గుత్తులు తీస్తున్న పెద్దావిడ కత్తెర ఆపి, "ఇంత కాయ నేలపాలు చేయాలంటే చెయ్యి రావడం లేదయ్యా" అన్నది. నీటి కోసం ఇన్ని బోర్లు వేసుకునే సీమలో ఆ మాట వెనుక ఉన్న బాధ నిజమైనది. అందుకే కొనేవారితో ధర ఒప్పందం ముందే కుదుర్చుకోమని గట్టిగా చెబుతాను. బ్రిక్స్ పెరిగితే ధర పెరిగే ఒప్పందం ఉన్నప్పుడే గుత్తులు తీయడం గిట్టుబాటవుతుంది. కిలోల మీదే డబ్బిచ్చే చోట, తీగ ఆరోగ్యం చెడకుండా ఉండడానికి ఎంత అవసరమో అంతవరకే తీయాలి.

వచ్చే ఏటికి: కోత ముగిసిన మరునాటి నుంచి నీళ్ళు పూర్తిగా ఆపేయడం మన దగ్గర అలవాటు. కాపు బరువైన తోటలో అది చేయరాదు. ఉన్న ఆకు పచ్చగా నిలిచేటట్టు తేలికపాటి తడులిస్తూ ఒక నెల విశ్రాంతి ఇస్తే తీగ తన నిల్వను కొంత పూడ్చుకుంటుంది. ఏప్రిల్ కత్తిరింపులో సన్నని పుల్లలను ఒక కంటికే కుదించి, అక్టోబరు కత్తిరింపులో మొత్తం కళ్ళ సంఖ్యను నాలుగో వంతు తగ్గించాలి.

ఆకు ఎక్కువైన తీగ

తప్పుడు వైద్యం ఎక్కువగా జరిగేది ఇక్కడే. రెమ్మలు పై ఇనుప తీగ దాటి కిందికి వేలాడుతుంటాయి. గుత్తులు ఆకుల చీకట్లో ఉంటాయి, మందు పిచికారీ లోపలికి చేరక బూడిద తెగులు, గుత్తి కుళ్ళు పట్టుకుంటాయి. కాపు తక్కువ, పండడం ఆలస్యం. రసంలో పచ్చి ఆకు వాసన. కాబర్నే సావిన్యాన్, సావిన్యాన్ బ్లాంక్ రకాల్లో ఈ పచ్చివాసన మరీ స్పష్టంగా తెలుస్తుంది. రైతు ఇదంతా చూసి, "తీగ మదమెక్కింది, గట్టిగా కొట్టాలి" అని తీర్మానిస్తాడు. ఆ ఏడు మరింత కురచగా కత్తిరిస్తాడు.

తీగ స్పందన దానికి విరుద్ధంగా ఉంటుంది. నేలలో వేళ్ళు, కాండంలో నిల్వ, డ్రిప్ నుంచి వచ్చే నీరు ఏమీ తగ్గలేదు. వాటిని పంచుకునే కళ్ళు మాత్రం తగ్గాయి. ఒక్కో కంటికి వచ్చే వాటా పెరిగి రెమ్మ ఇంకా పొడవుగా, ఇంకా వేగంగా సాగుతుంది. నీడ పెరుగుతుంది. నీడలో ఉన్న కళ్ళలో గుత్తి రూపు కట్టదు, కాబట్టి మరుసటి ఏడు గుత్తులు ఇంకా తగ్గుతాయి. గుత్తులు తగ్గితే బలాన్ని గుంజుకునే కాయ లేక రెమ్మ మళ్ళీ సాగుతుంది. గట్టిగా కత్తిరించిన ప్రతి ఏడూ ఈ వలయం ఒక చుట్టు బిగుసుకుంటుంది. పై నుంచి పదేపదే కొసలు తుంచడం కూడా ఇటువంటిదే. తుంచిన ప్రతిసారీ పక్క పిలకలు లేచి గుత్తుల చుట్టూ ఆకు దట్టమవుతుంది.

పరిష్కారం బలాన్ని అణచడంలో కాక ఖర్చు పెట్టించడంలో ఉంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, జెనీవాలో పనిచేసిన నెల్సన్ షాలిస్ ఈ సూత్రానికి అంకెల రూపం ఇచ్చాడు. కాంకర్డ్ ద్రాక్షకు ఆయన వాడిన పద్ధతిలో తీగ నుంచి తీసిన పుల్లల్లో మొదటి పౌనుకు 30 కళ్ళు, ఆపై ప్రతి పౌనుకు 10 కళ్ళ చొప్పున వదులుతారు. అంటే ఎక్కువ పుల్ల ఇచ్చిన తీగకు ఎక్కువ కళ్ళు. మన అలవాటుకు ఇది తలకిందులుగా కనిపించినా తీగ స్వభావానికి సరిపోయేది ఇదే.

అయితే ఆ అంకెలను వైన్ రకాలకు ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. ఒక చిక్కు కూడా ఉంది. మన ఉదాహరణలోని మొక్క 1.25 కిలోల పుల్లలు, 3 కిలోల కాయ ఇచ్చిందనుకుందాం. సూచిక 2.4. కళ్ళు పెంచాలి, నిజమే. కాని అదే 1.25 మీటర్ల జాగాలో 18 రెమ్మల చోట 30 నిలిపితే నీడే పెరుగుతుంది. కళ్ళతో పాటు జాగా కూడా పెరగాలి. అందుకు రెండు దారులు ఉన్నాయి. ఒకే నిలువు తెరగా ఉన్న రెమ్మలను 'వై' ఆకారపు దన్నుల మీద రెండు తెరలుగా విడదీస్తే ప్రతి తెరకూ మీటరుకు 15 చొప్పున రెమ్మలు ఎండలోనే నిలుస్తాయి. షాలిస్ బృందం 1960లలో ప్రచారంలోకి తెచ్చిన జెనీవా డబుల్ కర్టెన్ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. రెండవ దారి, వరుసలో ఒక మొక్క విడిచి ఒక మొక్కను తీసి, మిగిలినదాని చేతులను ఆ ఖాళీలోకి సాగదీయడం. పెంచిన మొక్కను పీకడం మనసుకు కష్టమే. డాగ్‌రిడ్జ్ వంటి బలమైన వేరుమూలం (అంటు కట్టే అడుగు మొక్క) మీద, లోతైన నేలలో, దగ్గర దగ్గరగా నాటిన తోటలో మాత్రం చివరికి ఇది తప్పకపోవచ్చు. దన్నులు మార్చగల స్తోమత ఉంటే మొదటి దారినే ఎంచుకోమంటాను.

ఈ మార్పును రెండేళ్ళలో విడతలుగా చేయాలి. మొదటి ఏడు కళ్ళను మూడో వంతు పెంచి, కాపు ఎలా మోసిందో చూసి మరుసటి ఏడు ముందుకు పోవాలి. దీనికి తోడుగా నత్రజనిని తగ్గించాలి. పశువుల ఎరువు, కోళ్ళ ఎరువు నుంచి వచ్చే నత్రజనిని కూడా లెక్కలో వేసుకోవాలి. కాయ నిలిచినప్పటి నుంచి రంగు తిరిగే దాకా తడులను కొంత బిగించాలి. కొసలు వాలి కొత్త ఆకు రావడం ఆగితే చాలు, ఆకు వాడేదాకా పోరాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో నీటిని అదుపులో పెట్టడం డ్రిప్ ఉన్నవారికి సాధ్యమైన పనే. వైన్ ద్రాక్షకు మన నేల ఇచ్చే నిజమైన అనుకూలత ఇదేనని నా నమ్మకం.

రెమ్మ వచ్చింది, గుత్తి రాలేదు

అక్టోబరు కత్తిరింపు తరువాత రెమ్మలు బాగానే సాగి, గుత్తి ఉండవలసిన చోట నులితీగ కనిపిస్తే కారణం కోసం వెనక్కి, వేసవిలోకి పోవాలి. కంటి లోపల మొదట ఏర్పడే చిన్న ముద్దకు గుత్తిగానూ నులితీగగానూ మారగల శక్తి ఉంటుంది. ఏప్రిల్ కత్తిరింపు తరువాత సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య ఎండ, తీగలో పిండి పదార్థం సమృద్ధిగా ఉంటే అది గుత్తి అవుతుంది. నీడ, మితిమీరిన నత్రజని, ఎక్కువ తడులు ఉంటే నులితీగ అవుతుంది.

మన దగ్గర దీనికి తరచు కారణమయ్యేది ఆలస్యం. కూలీలు దొరకక ఏప్రిల్ కత్తిరింపును మే రెండో వారానికి జరిపితే ఆ కీలకమైన రోజులు మబ్బులు కమ్మే జూన్ చివర, జులైలలో పడతాయి. ఏప్రిల్ మొదటి పక్షంలో పని ముగిస్తే అవే రోజులు మే చివరి ఎండల్లో గడుస్తాయి. రెమ్మలను ఐదారు ఆకుల దశలోనే పలచన చేసి ఇనుప తీగలకు విడివిడిగా కట్టాలి. నత్రజనిని మొదటి 40 రోజుల్లో ముగించి, తరువాతి నెలలో భాస్వరం, పుల్ల ముదిరే దశలో పొటాష్ ఇవ్వడం సాధారణ క్రమం.

పొరపాటు జరిగిపోయి ఉంటే అక్టోబరులో కొంత సర్దుకోవచ్చు. కత్తిరింపుకు ముందు కొన్ని పుల్లలను ప్రయోగశాలకు పంపి కళ్ళను కోసి పరీక్ష చేయిస్తే ఎన్నో కంటిలో గుత్తి ఉందో తెలుస్తుంది. వైన్ రకాల్లో చాలావాటికి మొదటి రెండు, మూడు కళ్ళలోనే గుత్తి ఉంటుంది కనుక పొట్టి స్పర్లు సరిపోతాయి. తిండి ద్రాక్ష రకమైన థామ్సన్ సీడ్‌లెస్‌కు పై కళ్ళ దాకా పోవాలి, అందుకే ఆ రకం పుల్లను పొడవుగా వదులుతాము. పరీక్షలో మొదటి రెండు కళ్ళు ఖాళీ అని తేలితే ఆ ఒక్క ఏటికి నాలుగైదు కళ్ళ పుల్లలు వదిలి, సంఖ్యలో స్పర్లను తగ్గించుకోవాలి.

కొన కన్ను ఒక్కటే పగిలింది

చలి చాలని చోట కళ్ళు ఒకేసారి మేల్కొనవు. కొన కన్ను ముందుగా పగిలి కింది కళ్ళను అణచివేస్తుంది. ఫలితంగా ఒకే తీగ మీద పూత, పిందె, కాయ కలగలిసి, కోతలో బ్రిక్స్ గుత్తికొక రకంగా వస్తుంది. కత్తిరింపుకు పది, పదిహేను రోజుల ముందు నుంచి నీరు తగ్గించి, ఒకే మందం గల పుల్లలను ఎంచి, కోసిన ఒకటి రెండు రోజుల్లో కళ్ళను మేల్కొలిపే హైడ్రోజన్ సైనమైడ్ మందును లేబుల్ మీద ఉన్న మోతాదులో కళ్ళకు పూస్తే చాలావరకు ఒకే వారంలో పగులుతాయి. పొడవు పుల్లలనైతే కొద్దిగా వంచి కట్టడం కూడా కింది కళ్ళకు ఉపకరిస్తుంది.

ఈ మందు విషయంలో ఒక హెచ్చరికను కూలీలందరికీ విడమరచి చెప్పాలి. చేతి తొడుగులు లేకుండా తాకరాదు. పూసే ముందురోజు నుంచి కనీసం వారం వరకు సారా, కల్లు, బీరు ఏదీ ముట్టరాదు. శరీరంలో మద్యం విరిగే క్రమాన్ని ఈ మందు అడ్డుకుంటుంది కాబట్టి ముఖం ఎర్రబారి, గుండె దడ, ఊపిరాడని స్థితి కలుగుతాయి. అలవాటున్నవారిని ఆ పనికి పెట్టకపోవడమే ఉత్తమం.

చక్కెర వచ్చింది, పులుపు పోయింది

బ్రిక్స్ 24 చూపిస్తున్నా, పులుపు తగ్గేకొద్దీ పెరిగే పీహెచ్ కొలత 3.8 దాటితే ఆ రసంతో చేసిన వైన్ రంగు నిలవదు, త్వరగా పాడవుతుంది. తెల్ల రకాలకు 20 నుంచి 22 బ్రిక్స్, 3.2 నుంచి 3.4 పీహెచ్, ఎర్ర రకాలకు 23 నుంచి 25 బ్రిక్స్, 3.4 నుంచి 3.6 పీహెచ్ ఉంటే సాధారణంగా మెచ్చుకుంటారు. వేడిలో కాయలోని మాలిక్ ఆమ్లం వేగంగా ఖర్చవుతుంది. నీడపట్టున ఉన్న ఆకుల నుంచి పొటాషియం కాయలోకి చేరి పీహెచ్‌ను పెంచుతుంది. అనంతపురంలో మార్చి పగళ్ళు 37, 38 డిగ్రీలకు చేరతాయి. అక్టోబరు చివర కత్తిరించిన తోటలో కాయ పండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ వేడిలో ఎర్ర రంగు కూడా సరిగా కట్టదు.

కాపు బరువు ఇక్కడ మళ్ళీ ప్రవేశిస్తుంది. కాపు ఎక్కువైన తీగలో బ్రిక్స్ కోసం రెండు, మూడు వారాలు ఆగవలసి వస్తుంది. ఆ ఆగిన రోజుల్లోనే పులుపు పోతుంది. అందువల్ల పీహెచ్ సమస్యకు ముందుగా చూడవలసింది గుత్తుల సంఖ్య, తరువాత కత్తిరింపు తేదీ. కత్తిరించిన 120 నుంచి 150 రోజుల్లో రకాన్ని బట్టి కోత వస్తుంది. సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు పదో తేదీ లోపల కత్తిరిస్తే కాయ జనవరి, ఫిబ్రవరి చల్లదనంలో పండుతుంది. ఇంకా ముందే కత్తిరిస్తే లేత రెమ్మలు సెప్టెంబరు వానల్లో చిక్కి బూజు తెగులు తప్పదు. ఈశాన్య రుతుపవనాలు మరింత బలంగా తగిలే కడప వైపు ఈ ప్రమాదం నవంబరు దాకా ఉంటుంది కనుక అక్కడివారు ఒకేసారి తోటంతా కత్తిరించకుండా వారం ఎడంతో రెండు భాగాలుగా చేయడం మేలు. పొటాష్ ఎరువును మట్టి పరీక్ష, ఆకు కాడ పరీక్ష లేకుండా వేయవద్దు. బ్రిక్స్ పెంచాలని వేసిన పొటాషే పులుపును పోగొట్టవచ్చు.

నమూనా తీసేటప్పుడు ఎండ పక్క గుత్తుల పై కాయలే చేతికి వస్తాయి, అవి తీగ సగటును చెప్పవు. వరుస రెండు పక్కల నుంచి, గుత్తి భుజం, నడుమ, కొన నుంచి కలిపి వంద కాయలు ఉదయం పూట కోసి, నలిపి, ఆ రసాన్ని కొలవాలి.

చిన్న లోపాలు రెండు

గుత్తులకు గాలి ఆడడానికి ఆకు తీసిన తరువాత కాయలు ఒక పక్క గోధుమరంగు మచ్చలు పడి ముడుచుకుంటే అది ఎండదెబ్బ. ఉత్తర దక్షిణంగా ఉన్న వరుసల్లో తూర్పు పక్క ఆకే తీయాలి, పడమటి ఆకు ముట్టరాదు. కాయ చిన్నగా ఉన్నప్పుడే తీస్తే తొక్క ఎండకు అలవాటు పడుతుంది.

కోసిన చోటి నుంచి చేయి వెనక్కి ఎండిపోతూ, కోసి చూస్తే లోపల చీలిక ఆకారంలో నల్లని మచ్చ కనిపిస్తే అది గాయం గుండా చేరిన శిలీంధ్రం. ఆరోగ్యమైన తెల్ల కట్టె కనిపించేదాకా వెనక్కి కోసి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూసి, దగ్గరలోని బలమైన రెమ్మను కొత్త చేయిగా సాగదీయాలి. తీసిన కట్టెను తోటలో వదలకుండా కాల్చాలి. పెద్ద గాయాలు చేసే రోజు వాన సూచన లేకుండా చూసుకోవాలి.

కత్తిరింపుతో సంబంధం లేనివి

తోటంతా ఒకే తీరుగా ఉంటే కత్తిరింపును, కాపును అనుమానించాలి. బలహీనత మచ్చలు మచ్చలుగా, కొన్ని మొక్కల గుంపులోనే ఉంటే కత్తెర పెట్టక ముందు వేరు తవ్వి చూడాలి. వేళ్ళ మీద పూసల్లాంటి బుడిపెలు ఉంటే నులిపురుగులు. కాండం మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి రాలితే కాండం తొలిచే పురుగు. ఆకు అంచులు కాలినట్టు ఎండి, మట్టి మీద తెల్లని పొర కడుతుంటే బోరు నీటిలో ఉప్పు. వీటిలో ఏది ఉన్నా గుత్తులు సగానికి తగ్గించి తీగ భారం దించాలి. మట్టినీ బోరు నీటినీ విడివిడిగా పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆ మొక్కలకు కళ్ళ సంఖ్యలో మార్పు చేయకూడదు.